వంకర జీడిపప్పు

డిసెంబరు పద్దెనిమిది. పొద్దున్నే వేలికి సూది.
రెండొందల పన్నెండు.
ఎస్పెరాన్సా ఆ అంకెను క్యాలెండర్లో
పాలలెక్క పక్కన రాసింది.
రాసి, ఒక్క మాటా అనకుండా
పెరట్లో రాగి గంగాళం తోమడానికి కూర్చుంది.
అనకపోవడమే ఆవిడ అనడం.

మడ్‌గావ్‌లో డాక్టరమ్మాయి
కాగితం మీద పళ్ళెం గీసింది, పెన్సిలుతో:
సగం కూరలు, పావు చేప, పావు అన్నం.
"పండగ ఒక్కరోజే కదా అంకుల్,
మీరు ఇరవై రోజులు తింటారు" అంది.
చక్కటి పళ్ళెం.
అందులో క్రిస్మస్ ఎక్కడ వడ్డించాలో మాత్రం గీయలేదు.

పన్నెండు కొబ్బరికాయలు,
నాలుగు కిలోల నల్లబెల్లం, బియ్యప్పిండి.
మా ఇంట్లో దోదోల్ తిప్పేది నేనే.
ముప్పై ఏళ్ళు ఓడల వంటగదుల్లో తిప్పిన చెయ్యి ఇది.
తెడ్డు ఆగితే అడుగంటుతుంది,
అడుగంటితే అమ్మ
గోడమీద ఫొటోలోంచి ముక్కు ఎగబీలుస్తుంది.

మూడు గంటలు.
చొక్కా వీపుకి అంటుకుపోయింది.
పాలు చిక్కబడి, నూనె తేలి,
నల్లటి ముద్ద గంగాళాన్ని వదిలేసి
తెడ్డు వెంట పెంపుడు జంతువులా తిరగసాగింది.
"రుచి చూడక్కర్లేదు,
వేలికి అంటకపోతే అయినట్టే" అంది ఎస్పెరాన్సా.
నిజమే, అంటలేదు.
అయినా వేలు నాకాను,
పొద్దున సూది దిగిన వేలే.

ముక్కల మీద జీడిపప్పులు అద్దింది
మనవరాలు జోవిటా.
ఒకటి పక్కకి ఒరిగిపోయింది.
సరిచేయబోతే చెయ్యి పట్టుకుంది:
"పడుకుంది తాతా, లేపకు."

"ఇంట్లో ఉంటే తింటావు" అని
ఎస్పెరాన్సా అంతా పంచేసింది.
పళ్ళేల్లో నెవ్రీలు, దువ్వెన మీద ఒత్తిన కుల్‌కుల్,
దోదోల్,
పైన అల్లిక గుడ్డ.
వాడలో తొమ్మిదిళ్ళు.
అందరూ గుమ్మంలో నవ్వారు,
అందరూ రెండు చేతులతో అందుకున్నారు.
నేను వెనకనుంచి చూశాను,
ఓడ ఎక్కించి పంపినట్టు.

పండగనాడు నా వంతు
నెవ్రీలో సగం. దాని చెక్కు మాత్రం ముందు తిని
లోపలి కొబ్బరి చివరికి దాచుకున్నాను.
ఎవరూ లెక్కపెట్టలేదన్నారు.
అందరూ లెక్కపెట్టారు.

ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం
ఇనాసిన్ వచ్చింది, పళ్ళెంతో.
"మా ఇంట్లో చేసిందే" అంది, కన్నార్పకుండా.
"అయ్యో, ఎందుకింత శ్రమ" అంది ఎస్పెరాన్సా,
తనూ కన్నార్పకుండా.
తలుపు వేశాక గుడ్డ తీశాం.

ముక్క మీద జీడిపప్పు
పక్కకి ఒరిగి పడుకుని ఉంది.

మేం ఇనాసిన్‌కి ఇచ్చింది వేరే పళ్ళెం.
ఇది సుకొరిన్ ఇంటికి వెళ్ళింది.
సుకొరిన్‌కి అరవై దాటగానే షుగర్;
ఆవిడ అన్యేలో మాస్టారికి పంపి ఉంటుంది.
మాస్టారి గుండెలో స్టెంటు;
ఆయన ఇనాసిన్‌కి.
ఇనాసిన్ కాళ్ళకి చలికాలంలోనూ మంటలు,
అదేమిటో ఇప్పుడు తెలిసింది.
పది రోజులు
ఒక్కో గుమ్మంలో మెచ్చుకోళ్ళు తింటూ
ఎవరి నోట్లోకీ వెళ్ళకుండా
ఊరేగింది మా బెల్లం.

ఎస్పెరాన్సా నవ్వింది.
నవ్వుతూ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.
పెళ్ళప్పుడు నవ్వినంత నవ్వింది,
మధ్యలో కళ్ళు తుడుచుకుంది, ఎందుకో చెప్పలేదు.

తర్వాత కుట్టుదారం తీసి
ముక్కని కోసింది,
దీపానికి అడ్డంపెడితే వెలుతురు కనపడేంత పల్చగా.
రెండు పొరలు. నాకొకటి, తనకొకటి.
నాలుక మీద పెట్టుకుని నమల్లేదు,
కరగనిచ్చాను.
ఇంత చిన్నదాన్ని ఇంతసేపు
జన్మలో తినలేదు.
చర్చి మెట్లదాకా నడిచి వచ్చాం ఇద్దరం,
చీకట్లో, చెప్పులు ఈడ్చుకుంటూ.

పొద్దున్నే జోవిటా పళ్ళెంలోకి తొంగిచూసింది.
"తాతా, ఇంకా లేవలేదా?"

"ఊరంతా తిరిగొచ్చింది కదమ్మా,
అలిసిపోయింది."