నాలుగో మూల

నరసాపురం బస్టాండు వెనక, సైకిల్ స్టాండుకీ
ఎండుచేపల బుట్టలు దింపే అరుగుకీ మధ్య
నా షాపు. ఎనిమిదడుగుల వెడల్పు.
ఈ వారం పన్నెండు వేల స్టిక్కర్లు,
లేసు ఎగుమతి చేసే కంపెనీ వాళ్ళవి.
ప్రతి పెట్టెకీ ఒక నంబరు, ప్రతి నంబరుకీ ఒక కోడు.
నేను ఎక్సెల్ పట్టీ మేపుతాను,
ప్రోగ్రాము నెమరేసి నలుపూ తెలుపూ గళ్ళు ఇస్తుంది.

ఒక్కోదానికీ లోపల ఎనిమిది ముసుగులు తొడిగి చూస్తుందట.
నలుపు ఒకేచోట గడ్డకట్టని ముసుగేదో
అది ఉంచుకుని మిగతా ఏడూ పారేస్తుంది.
ఎవరికీ చెప్పదు. నాకైనా
కరెంటు పోయిన ఒక రాత్రి
సెల్లులో మాన్యువల్ చదివితేనే తెలిసింది.

సువార్తమ్మ ఆధార్ జెరాక్సుకి వచ్చింది.
చేతిసంచిలో సగం అల్లిన లేసు, దానికే గుచ్చిన సూది.
నేను చిల్లర వెతుకుతుంటే
మానిటర్ కేసి వంగి, వేలు తగలనీకుండా
గాల్లోనే లెక్కపెట్టింది.
"ఇది మా గళ్ళపనే కదండీ.
నిండు, ఖాళీ, ఖాళీ, నిండు, నిండు...
మూడు మూలలకి కళ్ళు పెట్టారు,
నాలుగోది మర్చిపోయారేంటి?"

మర్చిపోలేదండి, అన్నాను. అది లేకపోబట్టే
ఏది పైనో ఏది కిందో ఫోనుకి తెలుస్తుంది.
ఆవిడ నమ్మలేదు. నలభై ఏళ్ళు అల్లిన మనిషి.
మూల వదిలేసిన పనిని ఏజెంటు
మొహాన కొట్టి పంపేవాడు.

"ఇందులో ఏం రాసుంది?"
కంపెనీ పేరు, పెట్టె నంబరు, సైజు, దారం రకం.
"అల్లినోళ్ళ పేరో?"
దానికి కాలమ్ లేదండి.
ఆవిడేం అనలేదు. చిల్లర ఎంచుకుంది.

మొహమాటానికి ఆవిడ పేరు కొట్టాను,
ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. పది.
అడ్డం ఇరవై ఒక్క గళ్ళు, నిలువూ అంతే.
ఇంకో అక్షరం పట్టదు, అంత పొందిగ్గా.
తెలుగులో కొడితే ముప్పై మూడయ్యాయి.
మన గుణింతాలు ఒక్కోటీ విడిగా సీటడుగుతాయి,
'ర' కింద వేలాడే 'త' ఒత్తుక్కూడా
టిక్కెట్టు కొట్టించాలి.
కానీ నాలుగో మూలకి కాస్త లోపలగా
చిన్న కన్నొకటి తెరుచుకుంది.

"ఇదియ్యండి," అంది.
ప్రింటుకి ఐదు రూపాయలు.
తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో.

పన్నెండో రోజు పొద్దున్నే షట్టరెత్తేసరికి
మెట్టు మీద కూర్చునుంది.
తెల్లదారం అల్లిక, రెండు అరచేతులంత.
నల్ల రవికెగుడ్డ మీద పరిచాం.
ఫోను చూసింది, చూసింది, ఊరుకుంది.
నలుపుండాల్సిన చోట తెలుపు, తెలుపుండాల్సిన చోట నలుపు.
తప్పు నాది, ముందే చెప్పాల్సింది.
ఆఖరి వరసలో రెండు గళ్ళు తప్పాయని
ఆవిడే గొంతు తగ్గించి చూపించింది.
అదేం పర్లేదండి, పావువంతు చిరిగినా
చదివేలా కట్టాను, అన్నాను.
"చిరగడమేంటి?" అంది.

రేవు దాకా నడిచాం.
పంటు ఇంకా అవతలి గట్టునే ఉంది.
రెండు చేతులా అంచులు పట్టుకుని
వశిష్ఠ మీంచి వచ్చే వెలుతురుకి అడ్డంగా ఎత్తింది.
ముందు తిరగేసి పట్టుకుంది, తిప్పమన్నాను.
తెల్లదారం నల్లబడింది.
ఖాళీల్లో ఆకాశం.
కోడు చుట్టూ నాలుగు గళ్ళంత చోటు వదలాలని రూలు.
దారం దండగని ఆవిడ వదల్లేదు.
అక్కడ రూలుకి మించే ఉంది,
సఖినేటిపల్లి కొబ్బరితోటల పైదాకా.

గాలికి నాలుగో మూల రెపరెపలాడింది.
ఒక్క క్షణం ఆగింది.
ఫోను టింగుమంది.
తెర మీద ఆవిడ పేరు, ఒత్తులతో సహా.

తిప్పి చూపించాను.
"ఊఁ," అంది, అంతే.
తర్వాత మెట్ల మీద కూలబడి
చీరకుచ్చిళ్ళు సర్దుకుని,
సూది పళ్ళమధ్య పెట్టుకుని,
ఆఖరి వరస విప్పడం మొదలుపెట్టింది.