చదివే దూరం

నారాయణగూడలో కళ్ళద్దాల దుకాణం నాది.
పెద్ద 'అ' నుంచి చీమతలంత 'క్ష' దాకా
రోజుకు నలభై మంది చేత చదివిస్తాను.
నేను చదివేది మాత్రం మధ్యాహ్నం రెండింటికి,
షట్టరు సగం దించి,
టిఫిను డబ్బాకు నవల ఆనించి.

ఈ నెల నవల 'ఏడో నంబరు మీటరు.'
బావుంది.
అంటే, నూట యాభయ్యో పేజీ దాకా బావుంది.
కరెంటు బిల్లులు కొట్టే కుర్రాడు, బోరబండ మెట్లు,
ఎన్నిసార్లు కొట్టినా తియ్యని ఒక తలుపు.
ఆ తలుపు ముందు అతను
తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకునే పేరా
మూడుసార్లు చదివాను.
పప్పు చల్లారిపోయింది.

తర్వాత రచయితకు ఏం తొందరొచ్చిందో
తలుపు తెరిచేశాడు.
లోపలున్న వాళ్ళందరూ మాట్లాడ్డం మొదలుపెట్టారు,
మైకు దొరికిన వాళ్ళలా, ఒకరి తర్వాత ఒకరు.
వంటింటి గట్టు మీద పిల్లి కూడా
రెండు ముక్కలు చెప్పేట్టే చూసింది.

అదీ ఓర్చుకున్నాను.
కానీ అందులో ముసలాయనకు మైనస్ నాలుగు,
అద్దాలు తీసి జేబులో పెట్టుకుని
రోడ్డవతల మెట్రో బోర్డు గడగడా చదివేస్తాడు!
పెన్సిలుతో అంచున రాశాను:
"అయ్యా, ఒకసారి మా దుకాణానికి రండి."

నాటకానికి టికెట్టు ఇచ్చింది కుర్మయ్య,
మా దగ్గర అద్దాలు అరగదీసే కుర్మయ్యే.
వాళ్ళ బావమరిది అందులో పెళ్ళికొడుకు తండ్రి,
రెండు మాటలు, ఒక దగ్గు.
'చెప్పుల స్టాండు' దాని పేరు.
ఫంక్షన్ హాలు బయట చెప్పులు కాసే ఆడమనిషి,
స్టేజీ నిండా నిజం చెప్పులు,
మూడో వరసకు వాసన కూడా వచ్చింది.

రెండో రంగంలో కరెంటు పోయింది.
హాల్లో ఒక్కొక్క ఫోనూ వెలిగింది.
ఆమె ఆగలేదు.
"బంజెయ్యుండ్రి లైట్లు,
చీకట్లనే మంచిగ కనబడుత" అంది.
అది నాటకంలో మాటో
ఆమె సొంత మాటో తెలీదు.
కుర్మయ్యను అడిగితే చెప్పేవాడే.
అడగలేదు.

ఇక సీరియలు. అది నేను చూడను,
చూసే వాళ్ళ పక్కన కూర్చుంటాను.
మా ఆవిడా, పై వాటా మెహరున్నిసా ఆపా.
'మెట్టినింటి మేఘం', పదకొండొందల నలభయ్యో భాగం.
సోమవారం కోడలి ముఖం మారిపోయింది,
వేరే అమ్మాయి వచ్చింది.
గోడ మీద పెళ్ళి ఫోటో కూడా రాత్రికి రాత్రే మారింది.
మొగుడు మాత్రం ఏమీ ఎరగనట్టు
కాఫీ అడిగాడు.
నేను పగలబడి నవ్వాను.
ఆపా నవ్వలేదు.
"ముఖమే కదా భాయ్ మారింది,
ఆమె కష్టం గదే ఉంది" అంది.
నాలుగొందల పేజీలు కళ్ళ ముందు మెదిలాయి,
పిల్లితో సహా.

నిన్న ఒక పెద్దామె వచ్చింది, కవాడిగూడ నుంచి.
ఏం చదువుతారమ్మా అని అందర్నీ అడుగుతాను.
మందుల చీటీలంటారు, ఫోనంటారు,
ఎప్పుడైనా ఒకరు భగవద్గీత అంటారు.
ఈమె అంది:
"టీవీల ఆఖర్న పేర్లు ఉరుకుతయి గద, గవి.
మా మనుమరాలు గండ్ల బట్టలు కుడుతది.
బోయిని నవనీత.
ఉన్నదంటరు అందరు. నేను సదవలె."

చదివే దూరం మూరెడు లోపే,
టీవీ ఎనిమిదడుగులు, దానికి నంబరు వేరమ్మా
అని చెప్పి, వేరే నంబరే రాశాను.
ఏ సీరియలని అడిగాను.
మా ఇంట్లోదే.

రాత్రి భాగం అయిపోయింది.
ఆపా రిమోటు అందుకోబోతే
"ఒక్క నిమిషం" అన్నాను.
ఇద్దరూ నన్ను వింతగా చూశారు.
పేర్లు బయల్దేరాయి,
అడ్డగీతలు, సున్నాలు, నీళ్ళల్లో కొట్టుకుపోతున్నట్టు.
నా దూరం అద్దాలు దుకాణంలోనే మర్చిపోయాను.
దుస్తులు, అని కనబడింది.
దాని కింద 'బో' అనే అనుకుంటాను,
ఇంతలో సబ్బు ప్రకటన.

రేపు అద్దాలు తెచ్చుకోవాలి.