అడ్రస్ గడి

రాత్రి రెండింటికి గేటు దగ్గర ఆటో ఆగితే
తలెత్తకుండానే పెన్ను క్యాప్ తీస్తాను.
పన్నెండేళ్ళ కౌంటరు చెవి ఇది.
మనిషి కంటే ముందు ఆయాసం గుమ్మం దాటుతుంది.
దాన్ని పిల్లనగ్రోవి అని రాసే కవి ఎవరైనా ఉంటే
ఒక్క డిసెంబరు ఈ కుర్చీ ఇస్తాను.
అది పంక్చరు షాపు తొట్టిలో ముంచిన ట్యూబు, అంతే.

పేరు ఇన్నాసమ్మ.
వయసు, "రాసీ బాబూ, అరవయ్యో డెబ్బయ్యో."
అడ్రస్ జ్ఞానాపురం.
ఆ మాట రాయడానికి నా చేతికి కళ్ళక్కర్లేదు.
పై వరసలో జ్ఞానాపురం, దాని పైన మల్కాపురం,
నిన్నటి పేజీలో శ్రీహరిపురం, మళ్ళీ జ్ఞానాపురం.
మంచాలు నలభై. వీధులు నాలుగైదే.

ఆదివారాలు ఎంవీపీ కాలనీలో
ఓ ప్రైవేటు క్లినిక్కుకి లెక్కలు రాస్తాను
(పిల్ల కాలేజీ ఫీజు, అది వేరే కథ).
అక్కడా ఇదే జబ్బు, ఇవే డెబ్బయ్యేళ్ళు.
కమలాకరం గారు ఫైలుతో వస్తారు.
"మంగళవారం మెట్లెక్కుతుంటే కాస్త పట్టేసింది డాక్టర్"
అని టైముతో సహా చెబుతారు.
మందు మారుతుంది.
కింద కొబ్బరినీళ్ళు తాగి బీచి వైపు నడిచెళ్తారు.
ఆ రిజిస్టర్లో 'అడ్మిట్' అన్న గడే కొట్టలేదు.

ఆక్సిజన్ పెట్టాక ఇన్నాసమ్మకి
మాట ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చింది.
"నెల్రోజుల పంపుని మూణ్ణెల్లు లాగీసినాను బాబూ!"
ఎంత గొప్పగా చెప్పిందో.
పొద్దుట ఒక పీల్పు తనకి,
రాత్రి ఒకటి పక్కింటి ఎల్లాజీకి,
బొగ్గు రేవులో పార పట్టినోడు కదా మరి.
ఆదివారం గుళ్ళో పూజ, పంపుకి సెలవు.
నీళ్ళ సీసా అడుగు కోసి
ఇద్దరికీ ఒకటే గొట్టం చేసుకున్నారు.
చీర ఆరేసే ముందు తీగని తుడుస్తుందట.
మరియమ్మ పాదాలు రోజుకి రెండుసార్లు.
"ఇల్లూడ్సింది దాసుకుంటే
ఏడాదికోపాలి కుంపటి ఎలిగించీవొచ్చు" అని నవ్వింది,
నవ్వు దగ్గయింది,
సిస్టరు నన్ను కసిరింది.

మధ్యాహ్నం మా ఊళ్ళో గాలి మారుతుంది.
కొందరి కిటికీలకి సముద్రం మీంచి నేరుగా వస్తుంది.
కొందరికి బొగ్గు గుట్టల మీదుగా, పట్టాల మీదుగా
చుట్టూ తిరిగి వస్తుంది,
వట్టి చేతులతో రాని చుట్టంలా.

నెలాఖరుకి పైనుంచి ఫారం వచ్చింది.
వయసు అడిగింది, ఆడా మగా అడిగింది,
'చేరడానికి కారణం' అడిగింది.
ఏం రాయాలో పక్క సీటు సత్తిబాబు చూపించాడు:
మందు సక్రమంగా వాడకపోవడం.
అడ్రస్ గడి లేదు.
మార్జిన్లో పెన్సిలుతో వీధుల పేర్లు రాసి పంపాను.
రబ్బరుతో చెరిపి వెనక్కి పంపారు.
లైటుకి అడ్డం పెడితే
నొక్కులింకా కనబడుతున్నాయి.

నాలుగోరోజు డిశ్చార్జి.
కొత్త పంపు ఒకటి ఇచ్చారు.
అటూ ఇటూ తిప్పి చూసి, "మరి ఎల్లాజీకో?" అంది.
ఎల్లాజీ పేరు మీద చీటీ లేదమ్మా అన్నాను.
సరేలే అన్నట్టు కొంగున ముడేసుకుంది,
ఇద్దరి పంపుని.

ఇవాళ రాత్రి రెండు కావస్తోంది.
గేటు దగ్గర ఆటో ఆగింది.
ఎవరూ ఇంకా దిగలేదు.
నా చెయ్యి అప్పుడే
'జ్ఞా' వరకూ రాసేసింది.