చిచా కుండల దగ్గర

రాజు బొమ్మ ఉంటేనే
మా పోతోసీలో దాన్ని డబ్బనేవాళ్లం.
తవ్వింది మా కొండనే.
పాదరసం కలిపిన మట్టిని వట్టికాళ్లతో తొక్కి తొక్కి
మా అయ్య వణుకుడు పట్టి పోయాడు.
గిన్నె పట్టుకుంటే సగం ఒలికేది.

సముద్రం అవతల
రాజుని ఎవరో పట్టుకుపోయారని
మొదట చెప్పింది కంచరగాడిదల హిలారియో,
ఒక కుండెడు మొక్కజొన్న చిచా తాగి,
డబ్బు రేపిస్తానని.

పన్ను వసూలుకి మనిషి మాత్రం
ఎప్పటిలాగే వచ్చాడు.
"లేని రాజుకి ఎందుకయ్యా కప్పం?" అన్నాను.
నవ్వబోయి ఆగిపోయాడు.
యుద్ధం ఎక్కడ మొదలైందంటే
ఆ ఆగిన నవ్వు దగ్గరే అంటాను నేను.
చదువుకున్నవాళ్లు వేరే చెబుతారు:
హక్కులట, దొంగచాటు పుస్తకాలట,
స్పెయిన్‌లో పుట్టినవాడికే పెద్ద కుర్చీలట,
ఓడలు రాక కుళ్లిన సరుకట.
నిజమే కావచ్చు.
వకీళ్లు నా దగ్గర తాగరు.

దక్షిణం నుంచి సైన్యం వచ్చింది.
టంకశాలలో రాజు పోయి సూర్యుడొచ్చాడు.
మళ్లీ రాజు సైన్యం వచ్చింది,
సూర్యుణ్ని కరిగించి రాజుని పోశారు.
ఒకసారి పారిపోతూ పారిపోతూ
టంకశాల కింద మందు కూరి
వీధి ఖాళీ చెయ్యమన్నారు.
పులుస్తున్న కుండలు వదిలి ఎక్కడికి పోను?
కూర్చున్నాను.
వత్తి ఎవరో పీకేశారట. ఎవరో నాకు తెలీదు,
వాడొస్తే ఒక గిన్నె ఊరికే పోస్తాను.

నా మరిది సెరాపియో మూడుసార్లు కోటు మార్చాడు.
ఏ ఎండకా గొడుగన్నారు జనం.
మా ఊళ్లో ఎండెక్కడ?
వాడు ఏ చలికా కోటు తొడిగాడు,
జీతం ఎవరిస్తే వాళ్లది,
ఇవ్వనప్పుడు ఎవరు కొడితే వాళ్లది.
ప్రతిసారీ బొత్తాలు నేనే కుట్టాను.
ఆఖరికి ఏ కోటులో పోయాడో.
ఒక బొత్తాం తెచ్చిచ్చారు గుర్తుగా,
అది నేను కుట్టింది కాదు.

ఇప్పుడు మాకో దేశం ఉంది.
పేరు పలకడం నేర్చుకుంటున్నాను.
గంటలు మోగిన వారం
నేనూ ఎగిరాను, అబద్ధమెందుకు,
చెప్పు తెగిందాకా ఎగిరాను.
ఏడాది తిరిగిందో లేదో అదే మనిషి,
అదే కుంటి గాడిద.
"కప్పం రద్దయిందిగా?"
"రద్దే. ఇది చందా."
ఈసారి నవ్వు ఆపుకోలేదు.

కొండలో నీళ్లు నిండాయి.
తోడే చేతులు లేవు.
ఇంగ్లీషు దొరలు కొలతాళ్లు పట్టుకుని
చచ్చిన గనులకి ధర కడుతున్నారు.

మొన్నో కుర్రాడు కొత్త నాణెం ఇచ్చాడు.
కొత్త మొహం. ముక్కు పాతరాజుకన్నా పొడుగు.
కొరికి చూశాను.
వెండే.

హిలారియో నిన్న సంతలో కనపడ్డాడు,
పళ్లూడి, ఒంటి గాడిదతో.
ఆ కుండెడు చిచా బాకీ పదిహేడేళ్లది.
అడగబోయి ఆగాను,
ఏ బొమ్మ ఉన్న డబ్బులో అడగాలో తోచక.