పొగ

కాస్త పక్కకి జరుగు తాతా, ఫ్రేములో పడుతున్నావు
అన్నాడు ఫోటోగ్రాఫరు కుర్రాడు.
జరిగాను.
మా అమ్మ సమాధి జరగలేదు.

జేజు దీవిలో ఇలాంటి కొండలు మూడొందల పైచిలుకు.
ఒరుమ్ అంటాం మేము.
ఒకప్పుడు ఒక్కోటీ నిప్పు కక్కినదే.
ఇప్పుడు నడినెత్తిన సొట్ట, సొట్టనిండా రెల్లు.
కింద పార్కింగులో పన్నెండు బస్సులు,
నారింజరసం బండి,
సియోల్ నుంచి దిగిన తెల్లబూట్లు.
పావుగంటలో ఎక్కేయొచ్చని ఫోన్లో రాశారట.
నాకు నలభై నిమిషాలు.
మోకాళ్ళకి ఫోను చదవడం రాదు.

ఎనిమిదో నెల పాడ్యమికల్లా గడ్డి కొయ్యాలి.
లేకపోతే తల దువ్వకుండా
అమ్మని నలుగురిలో కూచోబెట్టినట్టు.

సమాధి చుట్టూ నల్లరాతి గోడ,
గుర్రాలు తొక్కకుండా, కారుచిచ్చు చొరకుండా.
గోడకి ఓ పక్క మూరెడు సందు.
పెళ్ళికూతురి గౌను సరిగ్గా అక్కడే చిక్కుకుంది.
"ఇక్కడ రాళ్ళు పడిపోయాయా తాతా?"
"లేదమ్మా, అది వాకిలి. మా అమ్మ వచ్చిపోయే దారి."
గబుక్కున కుచ్చిళ్ళు పోగుచేసుకుని
పక్కకి తప్పుకుంది, ఎవరో నిజంగా వస్తున్నట్టు.
గౌను కింద పరుగుబూట్లు.
పిల్ల నాకు నచ్చింది.

అమ్మ పేరు అడిగింది. యాంగ్ మల్సున్, చెప్పాను.
అంతకుమించి అడగలేదు.
అడిగితే చెప్పేవాణ్ణేమో,
ఊరు తగలబెట్టిన ఏడాది
చలికాలమంతా ఈ కొండ గుంటలోనే ఉన్నామని,
అమ్మా, ఆమె చంకలో నేనూ, ఇంకో పదకొండుమందీ.
అంత నిప్పు కక్కిన కొండ.
దాని కడుపులో కూచుని
ఒక్క అగ్గిపుల్ల గియ్యలేదట.
పొగ లేస్తే కిందివాళ్ళు చూస్తారని.
పచ్చి కొర్రలు నమిలి నమిలి
నా నోట్లో పెట్టేదట.

నాకేం గుర్తు? ఏమీ లేదు.
గుర్తున్నదల్లా ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు
పొయ్యి వెలిగించే ముందు
ఆమె కిటికీ మూసెయ్యడం.
దగ్గుతూ వండేది. దగ్గుతూ వడ్డించేది.

ఇక్కడే పాతమంది. ఎందుకో చెప్పలేదు.

కుర్రాడు మళ్ళీ చెయ్యూపాడు, ఇంకాస్త, ఇంకాస్త పక్కకి.
గోడ వెనక్కి పోయి తాడు లాగాను.
గడ్డికోత మిషను రెండుసార్లు దగ్గి అందుకుంది.
మేనల్లుడు కొనిచ్చింది, పెట్రోలు తెగ తాగుతుంది.
తెగిన గడ్డి చెప్పుల్లోకి, చొక్కాలోకి,
అమ్మ నడినెత్తి మీదుగా గాలిలోకి.

వెళ్ళేముందు ఆ పిల్ల వాకిలి తప్పించి
గోడ చుట్టూ తిరిగొచ్చి ఫోటో చూపించింది.
వాళ్ళిద్దరూ, వెనక సముద్రం, వంగిన రెల్లు.
నేను లేను, మంచిదే.
కుడిమూల మాత్రం కొండలోంచి లేచినట్టు
సన్నగా, నిటారుగా
నా మిషను వదిలిన నీలంపొగ.

"దాన్ని తుడిచేస్తాంలే తాతా," అన్నాడు కుర్రాడు.
మా అమ్మా అదే అనేది.

సరే అనబోయి
మళ్ళీ తాడు లాగాను.