నెమలి సంచి

మండపేటలో మా మిల్లు వెనకాల
ఒకే గొట్టంలోంచి రాలే బియ్యాన్ని
మూడు రకాల సంచుల్లోకి పడతాం.
నెమలి, జోడు గుర్రాలు, ఊరికే ఓ గులాబీ.
నెమలికి యాభై ఎక్కువ.
కుట్టు మిషను పక్కన పద్దెనిమిదేళ్లుగా నిలబడి
నేను చూస్తున్న నిజం ఇది.
మంగతాయారుకి తప్ప బయట ఎవరికీ చెప్పలేదు.

ఓసారి నెమలి సంచులు అయిపోయి
కాలవ గట్టున మెస్సు నడిపే పేరంటాలుగారికి
గులాబీ పంపాను.
మూడో రోజుకి రిక్షాలో తిరిగొచ్చింది, మూతి విప్పి ఉంది.
"అన్నం ముద్దవుతోందయ్యా, నా గిన్నెకి తెలీదా?"
అవే గింజలు, నెమలిలో పోసి పంపాను.
"ఇదీ బియ్యమంటే" అని కబురొచ్చింది.
ఆవేళ గుమస్తాలమంతా
తవుడు రేగేలా నవ్వుకున్నాం.

ఇప్పుడు కారు కొనాలి.

పదమూడేళ్లు, ఒకే కంపెనీ, రెండు సెడాన్లు.
మొదటిది వెండి రంగుది.
లంకల కాజ్‌వే మీద సీట్ల దాకా గోదారి తాగి
లోవరాజు షెడ్డులో నాలుగు తలుపులూ బార్లా తెరుచుకుని
నాలుగు రోజులు ఆరింది.
ఐదో రోజు, రెండో తిప్పుకి పలికింది.
పలికిందంటే, ముందు దగ్గింది.
ఆ దగ్గుకి దండం పెట్టాను.
అప్పట్నించీ ఎవరు ఏ బండి గురించడిగినా
ఆ కంపెనీకి జీతం లేని ఏజెంటుని నేనే.
మా బావమరిది ఇంకోటి కొంటే
వాళ్ల గృహప్రవేశం పంక్తిలో కూర్చుని,
పులిహోర చల్లారిపోయేదాకా,
అమ్మితే నీకెంతొస్తుందో చెప్పాను.

లోవరాజు జాకీ కింద నుంచే అన్నాడు:
"పైన బొమ్మ మారుద్దండి, లోపల బోల్టు బోల్టే.
ఆయ్, మీరు కూడా సంచి చూసి కొంటారేంటండి?"
వీడికెవరు చెప్పారు?

రాజమండ్రిలో షోరూములు ఎదురెదురు.
రెండూ నడిపాను.
"ఇప్పుడందరూ ఎత్తు బళ్లే కొంటున్నారు సార్" అన్నాడు కుర్రాడు.
అందరూ కొననీ.
నాకు నేలకి దగ్గరగా ఉండాలి.
డిక్కీ వేరే గదిలా ఉండాలి,
శాంపిల్ బియ్యం వాసన వేరు, మనుషుల వాసన వేరు.

నా కంపెనీ కొత్త బండిలో
చల్లదనం ఒక్క పిసరు తగ్గించాలంటే
అద్దం లాంటి తెర మీద మూడు గడపలు దాటాలి.
ఎదుటివాళ్ల దాంట్లో గుండ్రటి మర.
మా తేమ మీటరుకున్నట్టే.
తిప్పితే టిక్కు, ఇంకాస్త తిప్పితే ఇంకో టిక్కు,
కళ్లు రోడ్డు మీదే.
తలుపు మూస్తే
నిండు బస్తా గచ్చు మీద దిగిన చప్పుడు.

నచ్చింది.
నచ్చిందని నాకు నేను ఒప్పుకోడానికి
ధవళేశ్వరం లాకుల నుంచి కడియం నర్సరీలు దాటేదాకా పట్టింది.
చెవిలో ఆ పాత దగ్గు.
అప్పు తీర్చకుండా వీధి మారుతున్నట్టుంది.

మంగతాయారు గోంగూర ఒలుస్తూ, తలెత్తకుండా:
"దాన్ని బతికించింది లోవరాజు.
మీరు దండం పెట్టింది కంపెనీకి."
దానికి నా దగ్గర జవాబు లేదు.
ఉన్నా, అంత పొట్టిది లేదు.

ఎదుటివాళ్లదే కొన్నాను. నీలం.
పాత బండి అమ్మేసిన రోజు
కీ గొలుసు మాత్రం ఇవ్వలేదు,
ఆ కంపెనీ ముద్ర ఇంకా నా జేబులోనే గలగలమంటోంది.

నాలుగు నెలలైంది.
నిన్న పేరంటాలుగారిని కంటి ఆస్పత్రి నుంచి తీసుకొస్తున్నాను.
మే ఎండ.
ద్వారపూడి దగ్గర కుడికి తిరగాలి, సిగ్నల్ వేశాను.
ఈ బండిలో అది ఎడమ చేతికుంటుంది.
వైపర్లు లేచి
ఎండిన అద్దాన్ని కిర్రు కిర్రున తుడుస్తున్నాయి,
వెనక లారీవాడి హారన్.

"వాన లేదుగా నాయనా?" అంది ఆవిడ
కంటికట్టు కొంచెం ఎత్తి చూసి.
"చేతికింకా తెలీదండి" అన్నాను.

డిక్కీలో ఆవిడ బస్తా.
నెమలే.