సున్నా నుంచి వంద దాకా

కుమనోవోలో సెప్టెంబరంటే
వీధి పొడవునా ఎర్ర బుంగమిరపలు కాలే వాసన.
చంకలో ఫారాల కట్ట, మెడలో గుర్తింపు కార్డు,
నలభై మూడో నంబరు గేటు తోసుకుని వెళ్ళాను.

పొయ్యి ముందు పీట మీద త్రెందాఫిల్కా.
కాగితం మీది థర్మామీటరు బొమ్మ చూపించాను:
సున్నా అంటే గడ్డకట్టే చలి
వంద అంటే నిండు వెచ్చదనం
అల్బేనియన్ల మీద మీ మనసు ఎన్ని డిగ్రీలు?

కాయ తిరగేస్తూ తలెత్తకుండానే అంది:
"పదిహేను రాసుకో అమ్మాయీ,
పన్నెండంటే బావుండదు."

ఇంతలో పొయ్యి మందగించింది.
"నెజ్మియే! రెండు కట్టెలు!"
గోడ మీంచి కట్టెలొచ్చాయి,
వెనకే వెల్లుల్లి గిన్నె పట్టుకున్న చెయ్యి,
ఆ వెనకే మోకాళ్ళ నొప్పుల కబుర్లు,
సగం ఈ భాష, సగం ఆ భాష.
నా ఫారంలో 'భాష' ఎదురుగా ఉన్నది ఒక్కటే గడి.

"మరి ఈవిడ?" అన్నాను.
జ్వరం నాకే ఉన్నట్టు చూసింది.
"ఆవిడ అల్బేనియనేమిటి,
ఆవిడ నెజ్మియె!"

నలభై అయిదో నంబరు కూడా నా జాబితాలోదే.
అదే బొమ్మ, అటునుంచి ప్రశ్న.
నెజ్మియె చాలాసేపు ఆలోచించింది,
చేతులు కొంగుకి తుడుచుకుంది.
"పక్కింటామెను కలుపుకునా, తీసేసా?"

మూడు రోజుల శిక్షణలో
ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు.
గడిలో రెండు అంకెలే పడతాయి.

ఇద్దరినీ చూసి నవ్వుకోవచ్చు నేను,
స్కోప్యే ప్రయోగశాలలో నా వంతు రాకపోయి ఉంటే.
తెర మీద పేర్లు మెరుస్తాయి, మాటలు మెరుస్తాయి,
మంచికి ఎడమ మీట, చెడ్డకి కుడి మీట.
పుస్తకాలన్నీ చదివిన నా వేలు
వాళ్ళ పేర్లకీ 'మంచి'కీ ఒకే మీట వచ్చినప్పుడల్లా
నూట నలభై మిల్లీ సెకన్లు తటపటాయించింది.
రెప్పపాటైనా కాదు.
అయినా అందులో మా బామ్మ పట్టింది:
నా మణికట్టు పట్టి
అవతలి కాలిబాటకి లాక్కుపోతూ.
రేడియో గొంతు తగ్గించిన ఒక వేసవి పట్టింది.

మా బడి కూడా పట్టింది.
పొద్దున మేము, మధ్యాహ్నం వాళ్ళు,
గది ఒకటే, బల్ల ఒకటే,
రెండు గంటల మధ్య ఖాళీ వసారా.
నా చోట కూర్చునేది ఎవరో
ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

ఒక సోమవారం సొరుగులో
సగం కొరికిన ఆపిల్ దొరికింది,
రంగు మారి, మెత్తబడి.
పళ్ళ గుర్తులు చిన్నవి,
ముందు పన్ను ఒకటి ఊడినట్టుంది, నాకులాగే.

ఎవరికీ చెప్పలేదు.
పారేయనూ లేదు.
ఒంటిగంట గంట కొట్టాక
దాన్ని మళ్ళీ అక్కడే,
కొరికిన వైపు పైకి పెట్టి,
వచ్చేశాను.